లింగయ్య గేటు దాకా

జనగామ నుంచి హైటెక్ సిటీ చూడబోయేవాళ్లకు ముందుగా ఒక సలహా. పొద్దున ఏడింటి పుష్‌పుల్ బండి ఎక్కండి. కుడివైపు కిటికీ పట్టుకోండి. చలికాలంలో ఎడమవైపు కూర్చుంటే భువనగిరి దాకా ఎండ మొహం మీదే ఉంటుంది. మంచినీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. నేను ఆ రోజు కదులుతున్న బండిని పరుగెత్తి పట్టుకున్నాను. అరవై ఏడేళ్ల మనిషి అలా ఎక్కడం చూసి ప్లాట్‌ఫారం మీద జనం నోళ్లు తెరిచారు.

నిజం చెప్పాలంటే బండి ఇరవై నిమిషాలు ఆలస్యం. నేను పరుగెత్తింది టికెట్ కిటికీ దగ్గరికి. నోళ్లు తెరిచినవాళ్లు ఆవలిస్తున్నారు.

ఆ టికెట్ కొనడం కూడా దండగే. నా జేబులో రైల్వే పింఛనుదారు పాసు ఉంది. రానూ పోనూ చెల్లుతుంది. కానీ పాసు మీద పేరు పక్కన చేసిన ఉద్యోగం కూడా రాసి ఉంటుంది. టీసీ దాన్ని పైకి చదివితే పక్కవాళ్లు వింటారు. నేను రిటైరైన స్టేషన్ మాస్టర్‌ని. పాసు మీద మాత్రం అలా లేదు.

సరే, ఎలాగూ బయటపడేదే. నేను గేట్‌మన్‌ని. ఆలేరుకూ జనగామకూ నడుమ ఒక గేటు, పక్కన ఒక గది, గదిలో ఒక ఫోను, రెండు జెండాలు, ఒక లాంతరు. ముప్పై రెండేళ్లు అక్కడే. స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తే గేటు మూసి, తాళం వేసి, నా దగ్గరున్న కాగితంలోంచి ఒక నంబరు చెప్పేవాణ్ని. ఆ నంబరు చెప్పేదాకా ఆయన సిగ్నల్ ఇవ్వడానికి లేదు. కాబట్టి నా మాట లేనిదే బండి కదిలేది కాదని నేను చెప్పుకుంటే అందులో అబద్ధం లేదు. ఆ ఒక్క నిజం మీద నేను కట్టుకున్న మేడ ముందు హైటెక్ సిటీ ఏపాటిది.

ఈ ప్రయాణం మాత్రం మేడలు చూడటానికి కాదు. మాదాపూర్‌లో నా చిన్ననాటి స్నేహితుడు లింగయ్య చనిపోయి నెల దాటింది. నాకు వాణ్ని ఒక మాట అడగాల్సి ఉండింది. పదేళ్లుగా ఉత్తరాల్లో అడగలేకపోయాను. ఇప్పుడు వాడి భార్య బాలమ్మకు ఏమైనా తెలుసేమో కనుక్కోవాలి.

ఆ మాటేమిటో చెప్పాలంటే చిన్నప్పటి ఆట చెప్పాలి. మా ఊరి నుంచి రైలు పట్టాలు రెండు కోసుల దూరం. లింగడూ నేనూ నడిచి వెళ్లి బండి చూసి, తిరిగొచ్చి ఇంటెనక రైలాట ఆడేవాళ్లం. మా ఎద్దు మెడలోని గంట నా చేతిలో ఉండేది కాబట్టి స్టేషన్ మాస్టర్ నేనే. గంట లేనివాళ్లు ఇంజన్లూ పెట్టెలూ. లింగడు ఎప్పుడూ రెండు చేతులు చాపి గేటులా నిలబడేవాడు. 'ఎవరన్న ఒకరు ఆపాలె గదరా' అనేవాడు.

పెద్దయ్యాక వాడు ఇల్లరికం అల్లుడిగా మాదాపూర్ వెళ్లాడు. నాకు రైల్వేలో ఉద్యోగం వచ్చిందని కార్డు రాశాను. ఏ ఉద్యోగమో రాయలేదు. జవాబు 'స్టేషన్ మాస్టర్ నర్సింహులు గారికి' అని వచ్చింది. దిద్దుదామనుకున్నాను. ఆ వారం తీరిక దొరకలేదు. ఆ తరువాత ముప్పై రెండేళ్లు కూడా దొరకలేదు. ఉత్తరాలన్నీ అసలు స్టేషన్ మాస్టర్ బల్ల మీదికి వచ్చేవి. ఎంత మంది మాస్టర్లు మారారో, వాళ్లలో ఒక్కరూ నన్ను బయటపెట్టలేదు. 'సార్, మీకు ఉత్తరం వచ్చింది' అని ఫోన్‌లో చెప్పి పకపకా నవ్వేవారు, అంతే.

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు ఒక రోజు పాసింజరు వస్తోంది. నేను ఆకుపచ్చ జెండా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. నాలుగో పెట్టె తలుపులో లింగయ్య. 'ఓ నర్సిగా!' అని అరిచాడు. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. బండి మొత్తం దాటేదాకా తిరిగే ఉన్నాను. పదిహేను రోజులకు కార్డు వచ్చింది: 'ఆ నడుమ వరంగల్ పోయిన. తోవల నీ స్టేషన్ చూసిన. మంచిగున్నది.' పైన మామూలుగానే, స్టేషన్ మాస్టర్ గారికి.

వాడు నన్ను నిజంగా గుర్తుపట్టాడా, లేక నేను తిరిగిపోయాక పొరబడ్డాననుకున్నాడా? ఇదీ నా ప్రశ్న.

చావు కబురు కార్డు మీద వచ్చింది. చావు కార్డు ఇంట్లోకి తేకూడదని మా ఇంటామె గడప బయటే చదివించుకుని, చింపి మోరీలో వేసింది. వాళ్లు ఈ మధ్య మారిన ఇంటి అడ్రసు ఆ కార్డులోనే ఉందని మా ఇద్దరికీ సాయంత్రం గుర్తొచ్చింది. దినాలకు వెళ్లకపోవడానికి అదే కారణమని అందరికీ చెప్పాను. అసలు కారణం, అక్కడ అందరూ నన్ను మాస్టర్ సాబ్ అంటారు. వాడి ఫోటో ముందు ఆ పిలుపుకు పలికే ధైర్యం లేకపోయింది.

తొమ్మిది నలభైకి సికింద్రాబాద్ చేరాను. స్టేషన్ బయట ఇరానీ హోటల్లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. కొండాపూర్ బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన కాకినాడాయన ఒకరు కూర్చున్నారు. ఒళ్లో పూతరేకుల డబ్బా.

"మా అమ్మాయి హైటెక్ సిటీలో చేస్తోందండి. పగలు నిద్ర, రాత్రి ఉద్యోగం. తమరేం చేసేవారండి?"

"స్టేషన్ మాస్టర్."

ఆయన మొహం వెలిగిపోయింది. "అలాగా! నేను ముప్పై అయిదేళ్లు గూడ్సు క్లర్కునండి. మనం మనం ఒకటేనన్నమాట. ఏ గ్రేడులో రిటైరయ్యారండి? మీ స్టేషన్లో లూపు లైన్లెన్ని?"

"చాలా ఉండేవి."

"చాలా అంటే?"

బస్సు పెద్దమ్మ గుడి దగ్గర ఆగింది. నా స్టాపు వచ్చిందని లేచాను. ఆయన నా చేతిలో ఒక పూతరేకు పెట్టి, "మొహమాటపడకండి మాస్టారూ, రైల్వే కుటుంబం" అన్నాడు. అక్కడి నుంచి మాదాపూర్ దాకా అయిదు మైళ్లు ఎండలో నడిచాను. రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. అందులో సగం ఇటుకల ట్రాక్టరు మీద. పూతరేకు మాత్రం నిజంగానే బాగుంది.

మాదాపూర్ దగ్గర పడుతుంటే దారి ఆపేశారు. బండరాళ్లు పేలుస్తున్నారు. లారీలు, మోటారు సైకిళ్లు, టై కట్టుకున్న కుర్రకారు, గొర్రెల మంద, అందరం వరుసలో నిలబడ్డాం. ముందు ఒక నడివయసు మనిషి ఎర్రజెండా పట్టుకుని ఉన్నాడు. జెండాను భుజం మీద తువ్వాలలా వేసుకున్నాడు. నేను ఓర్చుకోలేకపోయాను.

"చెయ్యి చాపి పట్టాలయ్యా. గుడ్డ మొత్తం కనబడాలి. కర్ర ఒంటికి దూరంగా ఉండాలి."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఏం తాతా, గేటు మీద జేసినవా?"

"కాదు. స్టేషన్ మాస్టర్‌ని."

"మాస్టర్లకు గింత తెల్వదు గని," అని జెండా నేను చెప్పినట్టే పట్టుకున్నాడు. ఢామ్మని పేలింది. దుమ్ము తగ్గాక చూస్తే అప్పటిదాకా బండరాయి ఉన్నచోట ఆకాశం ఉంది.

హైటెక్ సిటీ గురించి చదివేవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఒక పెద్ద గుండ్రటి మేడ ఉంది, కొత్తగా తెరిచారు. చుట్టూ మరికొన్ని లేస్తున్నాయి. అన్నిటికీ అద్దాలే. అద్దాల్లో మేఘాలు, కంకర లారీలు, మనం కనిపిస్తాం. లోపలున్నవాళ్లు కనిపించరు. లోపల ఏం చేస్తారో నేను చెప్పలేను, నన్నెవరూ లోపలికి రానివ్వలేదు.

లింగయ్య పనిచేసిన మేడ నాలుగంతస్తులది, గుండ్రటి మేడకు కాస్త ఇవతల. 'హైటెక్ సిటీలో గేటు ఆఫీసర్‌ని, నా సంతకాల బుక్కు దాటి ఎవడూ లోపలికి పోలేడు' అని రాసేవాడు. ఇంకో కార్డులో, 'ఒకప్పుడు నేను జొన్నలు వేసిన చెలకలో నాలుగంతస్తుల పంట లేచింది' అని. నాకు తెలిసిన అడ్రసు ఇదొక్కటే కాబట్టి అక్కడికే వెళ్లాను. ముందు గేటువాళ్లు వెనక గేటుకు పొమ్మన్నారు. నీళ్ల ట్యాంకర్లూ, వడ్రంగులూ, కూలీలూ వెళ్లే గేటు అది. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక స్టూలు, స్టూలు మీద రిజిస్టరు, రిజిస్టరుకు దారంతో కట్టిన పెన్ను.

కుర్చీలో ఉన్న వాచ్‌మన్ పేరు యాదయ్య. "పేరు, ఊరు, పని, ఎవరు గావాలె, టైం. అన్ని నింపు తాతా" అని రిజిస్టరు నా వైపు తోశాడు.

నింపాను. పని అన్నచోట స్టేషన్ మాస్టర్, రిటైర్డ్. ఎవరిని కలవాలి అన్నచోట లింగయ్య.

యాదయ్య చదివి తలెత్తాడు. "లింగయ్య తాత పోయిండు గద!"

"తెలుసు."

"తెలిసి రాసినవా?"

"ఇక్కడ నాకు ఇంకెవరూ తెలియదు నాయనా."

ఆయన లేచి కుర్చీ నాకిచ్చాడు. "గీ కుర్చీలనే. నీళ్ల ట్యాంకర్ అచ్చింది. గేటు తియ్యమని హారన్ కొట్టిండ్రు, కొట్టిండ్రు. ఒక్క హారన్‌కే లేచెటోడు, లేవలే."

నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. కాసేపటికి మోకాలు నొప్పెట్టి కూర్చున్నాను.

"మస్తు స్ట్రిక్టు తాతా ఆయన. రిజిస్టర్ల అబద్ధం రాస్తే వాపస్ పంపెటోడు. ఒక డ్రైవర్ ఎవలిదో పేరు రాసిండని ట్యాంకర్‌ను రెండు గంటలు నిలబెట్టిండు. కొత్త బుక్కు పెట్టినప్పుడల్ల మొదటి వరుస ఆయననే నింపి, గిట్ల రాయాలె అని అందరికి చూపెటోడు."

నేను రాసిన వరుస వంక చూశాను. సిరా ఇంకా తడిగానే ఉంది.

యాదయ్య వాళ్ల ఇంటికి దారి చెప్పాడు. ఊళ్లోకి పోయి, కల్లు దుకాణం పక్క గల్లీలో నీలం తలుపు. "పోయేటప్పుడు ఇటు అచ్చి పోయిన టైం ఎయ్యాలె, మర్చిపోకు" అని కూడా చెప్పాడు.

పన్నెండున్నరకు నీలం తలుపు దొరికింది. బాలమ్మ వాకిట్లో పల్లికాయ ఒలుస్తోంది. తెల్లని చీర, బోసి మెడ. నన్ను చూసి లేవలేదు.

"అచ్చినవా మాస్టర్ సాబ్. నెల దినాలకు యాదికొచ్చినమా?"

"జ్వరం తగిలింది."

"ఏం జ్వరమో, పెన్షన్ రోజు తగ్గుతది గావచ్చు" అంది. ఇంట్లోకి వెళ్లి కొత్త దుప్పటి తెచ్చి మంచం మీద పరిచింది. నేను అంతకుముందు రెండుసార్లు వాళ్లింటికి వెళ్లినప్పుడూ ఇలాగే కొత్త దుప్పటి పరిచారు. మొదటిసారి లింగయ్య స్వయంగా పరిచాడు.

కొంతసేపు వాడి చివరి రోజుల గురించి మాట్లాడింది. నేను వింటూనే ఉన్నాను. ఆఖరికి అడిగేశాను.

"పదేండ్ల కింద లింగడు వరంగల్ పోయిండట. నా స్టేషన్ చూసిన అని రాసిండు. నీకేమన్న చెప్పిండా?"

"వరంగల్‌ల మాకెవరున్నరు? నిన్ను చూడనీకే పోయిండు. పొద్దుగాల పోయి మాపటికి తిరిగొచ్చిండు." ఒలిచిన గింజలు చేటలో వేసింది. "మంచిగ చెప్పిండు. మా నర్సిగడు తెల్లబట్టలేసుకొని నిలబడ్డడు, బండిల నన్ను చూసి సలాం కొట్టిండు, డ్యూటీ మీదున్నడని నేనే దిగలేదు అన్నడు."

నేను తెల్లబట్టలు వేసుకోలేదు. సలాం కొట్టలేదు. వీపు చూపించాను. అయితే వాడు ఎవరినో స్టేషన్లో చూసి నేననుకున్నాడా? లేక ఈ మాట అల్లి చెప్పాడా? ఇంత దూరం వచ్చి ప్రశ్న మొదటికే చేరింది.

బాలమ్మ చేతులు దులుపుకుని లోపలి నుంచి ఒక రిజిస్టరు తెచ్చింది. మూలలు నలిగిపోయి ఉన్నాయి. "నిండిపోయిన బుక్కులు చింపుతుంటే ఒకటి అడుక్కొని తెచ్చుకున్నడు. నాకు అచ్చరం రాదు. ఆయన రాత మొదటి కాయితంల ఉంటదట. ఏం రాసిండో జర చదువు మాస్టర్ సాబ్."

అట్ట తీశాను. మొదటి వరుస, లింగడి గుండ్రటి రాత. చూపించడానికి రాసిన వరుస కాబట్టి ఒక్కో అక్షరం విడివిడిగా, ఎంతో కుదురుగా ఉంది.

పేరు: నర్సింహులు. ఊరు: జనగామ. పని: రైల్వే గేటు. ఎవరిని కలవాలి: లింగయ్యను.

వచ్చిన టైం, పోయిన టైం ఖాళీగా ఉన్నాయి.

"చదువు" అంది బాలమ్మ.

ఆ వాకిట్లో చదువొచ్చినవాణ్ని నేనొక్కణ్నే.

"పేరు నర్సింహులు," అన్నాను. "ఊరు జనగామ. పని... స్టేషన్ మాస్టర్. ఎవరిని కలవాలె, లింగయ్యను."

"అమ్మో, నీ పేరే పెట్టిండా!" కొంగుతో కళ్లు తుడుచుకుంది. "రోజూ వందమంది నీ పేరు జూసే సంతకం పెట్టిండ్రన్నట్టు." చాయ్ పెట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

నేను రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాడు ట్యాంకర్‌ను రెండు గంటలు ఆపిన సంగతి గుర్తొచ్చింది. చాయ్ వచ్చింది. తాగలేకపోయాను.

"బాలమ్మా, ఇంకోసారి చదువుత. ఇందాక తప్పు చదివిన."

"కండ్లద్దాలు పెట్టుకో మరి."

"అద్దాల తప్పు కాదు. పని, రైల్వే గేటు అని ఉన్నది. నేను స్టేషన్ మాస్టర్‌ను కాదు. ఎప్పుడూ కాదు. గేట్‌మన్‌ను. ఆ రోజు బండిల లింగడు నన్ను పిలిచిండు. నేను సలాం కొట్టలే. అటు తిరిగి నిలబడ్డ."

బాలమ్మ చేతిలో పల్లికాయ అలాగే ఉండిపోయింది. గల్లీలో ఎవరో గ్యాసు సిలిండర్ దొర్లించుకుంటూ వెళ్లారు.

"అయితే ఆయనకు ఎరికే."

"ఎరికే ఉన్నట్టుంది."

"నాకు చెప్పలే!" గొంతు లేచింది. "నన్ను గూడ మాస్టర్ సాబ్ అనుమని చెప్పిండు గదా! ఊరందరికి చెప్పిండు. దోమలగూడల ఎవలిదో రిజర్వేషన్ కాలేదంటే, మా నర్సిగడు చేయిస్తడు, ఉత్తరం రాస్త అన్నడు."

"రాసిండు. నేను జవాబియ్యలే."

"నువ్వు గేటోనివైతే ఎట్లిస్తవ్!" అంది. అంటూనే ఆమెకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. కొంతసేపటికి అది నవ్వో కాదో నాకు తెలియలేదు. తరువాత కాయ పుటుక్కున విప్పి రెండు గింజలు నా చేతిలో వేసింది. "డ్యూటీ కాయితం మీద మటుకు అబద్ధం రాయలే సూడు, మనిషి. ఇంట్ల నీ పరువు నిలబెట్టిండు, బుక్కుల నిజం రాసుకున్నడు."

ఆ గింజలు నోట్లో వేసుకున్నాను.

"అన్నా, చాయ్ సల్లారింది. ఇంకింత పొయ్యనా?"

ముప్పై ఏళ్లలో ఆమె నన్ను అన్నా అని పిలవడం అదే మొదలు. రెండు గ్లాసులు తాగాను. మూడు అని రాయబోయాను, రెండే.

పలకరింపుకు వెళ్లిన ఇంట్లో 'పోయొస్త' అని చెప్పకూడదు. చెప్పకుండానే లేచాను. తలుపు దాకా వచ్చి బాలమ్మే అంది, "ఇంట్ల పీనుగ లేచి నెల దాటింది. గిప్పుడు చెప్పొచ్చు. మల్ల రా అన్నా." చెప్పాను.

వెనక గేటు దగ్గరికి వెళ్లాను. పోయిన టైం వేసి, పొద్దున రాసిన స్టేషన్ మాస్టర్ అన్నది ఒక్క గీత కొట్టి, పైన రైల్వే గేటు అని రాశాను.

యాదయ్య వంగి చూశాడు. "కొట్టివేత ఉంటే పక్కన సంతకం పెట్టాలె తాతా."

పెట్టాను.

మూడున్నర బండికి సికింద్రాబాద్ వచ్చేశాను. భువనగిరి దాటాక టీసీ వచ్చాడు. ఈసారి పాసు ఇచ్చాను. ఆయన పైకే చదివాడు, గేట్‌మన్ అని. పెట్టెలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. ఇన్నేళ్లూ దీనికే భయపడ్డాను. ఎదురుగా జామకాయల గంపతో కూర్చున్న ఆమె మాత్రం, "గేటోనివైతే మరి గా తలుపు ఎయ్యరాదు? సలి పెడుతున్నది" అంది.

ఆలేరు దాటాక వేస్తానని చెప్పాను.

ఆలేరు దాటాక లేచి ఆ తలుపులో నిలబడ్డాను. కడ్డీ పట్టుకోవడం మరిచిపోకండి, అక్కడ మలుపు. మలుపు మూలంగా బండి నెమ్మదిస్తుంది. గేటు వచ్చింది. నాకు తెలియని నడివయసు మనిషి ఆకుపచ్చ జెండా పట్టుకుని బండికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. అలాగే నిలబడాలి. చక్రాలు, ఇరుసులు, వేలాడే గొలుసులు చూడాలి, ఆఖరి పెట్టె దాటేదాకా చూపు తిప్పకూడదు. తలుపులోంచి నాకు అన్నీ కనబడ్డాయి. ఆయన చొక్కాకు రెండో గుండీ లేదు. జెండా మూల కుట్టు ఊడింది. గడ్డం గీసుకుని రెండు రోజులైంది.

ఇంత కనబడే చోట లింగయ్య నన్ను గుర్తుపట్టాడా అని పదేళ్లు ఆలోచించాను. తిరగకుండా నిలబడి ఉంటే నా పోలికున్న ఎవరో గేట్‌మన్ అనుకుని పోయేవాడేమో. బండికి వీపు చూపించే గేట్‌మన్ ఆ లైను మొత్తం మీద ఒక్కడే.

"ఓ నర్సిగా!" అని అరిచాను. గేటు దగ్గరి మనిషి నా వైపు చూసి, జెండా లేని చెయ్యి పైకెత్తాడు. రూల్సులో అది లేదు. నేనూ ఎత్తాను.

ఆఖరి పెట్టె గేటు దాటేదాకా నిలబడి, అప్పుడు తలుపు వేశాను.